పదిహేడు లక్షల యెన్ల బాకీ

ఓ కుర్రాడు పార్ట్‌టైమ్ ఉద్యోగం మానేస్తాడు. గదిలో సామానంతా అమ్మేస్తాడు. బ్యాంకులో ఉన్నదంతా తీసి, నిద్రపోతున్న తల్లి దిండు పక్కన పెడతాడు. గోడ క్యాలెండర్లో ఆ తేదీ తర్వాతి భాగం చించేసి ఉంటుంది. తర్వాత వంతెన మీదికి వెళ్లి గట్టు ఎక్కి నిలబడతాడు. అంతలో కింద ఎవరో టపాకాయలు కాలుస్తారు. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి ఆగిపోతాడు.

జపనీస్ యానిమేషన్ సినిమా 'కొయే నో కతాచి' ఇలా మొదలవుతుంది. ఆ పేరుకి 'గొంతు ఆకారం' అని అర్థం. బయటి దేశాల్లో దీన్ని 'ఎ సైలెంట్ వాయిస్' అంటారు. 2016 సెప్టెంబర్ 17న జపాన్‌లో విడుదలైంది. క్యోటో యానిమేషన్ స్టూడియో తీసింది. దర్శకురాలు నవోకో యమదా, స్క్రీన్‌ప్లే రెయికో యోషిదా. యోషితోకి ఓయిమా 2013-14లో ఓ వారపత్రికలో సీరియల్‌గా గీసిన మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, దీనికి ఆధారం. పుస్తకంగా అది ఏడు సంపుటాలు.

కథ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. ఆరో తరగతిలో వినపడని అమ్మాయిని ఏడిపించిన అబ్బాయి, హైస్కూల్ ఆఖరి ఏట ఆ అమ్మాయినే వెతుక్కుంటూ వెళ్లి స్నేహం చేస్తాడు. ఇలా చెబితే క్షమాపణ కథలా వినిపిస్తుంది. చాలామంది అలాగే చూస్తారు కూడా. కానీ ఆ మొదటి నిమిషాలు మళ్లీ చూస్తే, కుర్రాడు చేస్తున్నది లెక్క తేల్చుకోవడం అని తెలుస్తుంది. దిండు పక్కన పెట్టిన మొత్తం 17 లక్షల యెన్లు. సినిమా వచ్చిన నాటి మారకంలో మన డబ్బుల్లో పది, పదకొండు లక్షలు. ఒకప్పుడు తన వల్ల తల్లి కట్టాల్సి వచ్చిన సొమ్ము అది. పైసాతో సహా తీర్చేసి, ఆపైన ప్రాణం కూడా ఇచ్చేస్తే ఖాతా మూసేయొచ్చని అతని నమ్మకం. మిగతా రెండు గంటలూ సినిమా చేసే పని ఒక్కటే, ఆ ఖాతాను మూయనివ్వకపోవడం.

కుర్రాడి పేరు షోయా ఇషిదా. ఊరు గిఫు రాష్ట్రంలోని ఓగాకి, ఊటనీళ్లకీ కాలవలకీ పేరుపడ్డ చిన్న నగరం. మాంగా రచయిత్రిది కూడా ఆ ఊరే. అందుకే కాబోలు, సినిమాలో ఎటు తిరిగినా నీళ్లు కనిపిస్తాయి. కాలవలో చేపలు, బడి వెనక కొలను, వంతెన కింద ప్రవాహం.

ఆరో తరగతి నడుస్తుండగా షోకో నిషిమియా అనే అమ్మాయి కొత్తగా క్లాసులో చేరుతుంది. అందరి ముందు నిలబడి నోటుపుస్తకం తెరుస్తుంది. తనకి వినపడదనీ, తనతో ఏమైనా చెప్పాలంటే ఇందులో రాయమనీ ముందే రాసి పెట్టుకుంది. మొదటి రోజుల్లో పిల్లలు సరదాగానే రాస్తారు. ఆ తర్వాత విసుగు మొదలవుతుంది. ఆమెకి నోట్స్ రాసి చూపించాలంటే పక్కనున్న అమ్మాయి పాఠం వెనకబడుతుంది. ఆమె గట్టిగా చదివితే మాట ముద్దగా వస్తుంది, వెనక నుంచి ఎవడో దాన్ని అనుకరిస్తాడు, క్లాసు నవ్వుతుంది. ఆ ఎవడో షోయానే. రోజూ ఉదయం కాసేపు సైగల భాష నేర్చుకుందామని ఒక టీచరు అడిగితే సహారా అనే అమ్మాయి చెయ్యెత్తుతుంది. మంచి మార్కులు కొట్టేయడానికి నటిస్తోందని మిగతా ఆడపిల్లలు గుసగుసలాడతారు. కొన్నాళ్లకి సహారా బడికి రావడం మానేస్తుంది.

చెయ్యెత్తిన పిల్లకి ఏమైందో క్లాసంతా చూసింది. ఇక మళ్లీ ఎవరు చెయ్యెత్తుతారు? సినిమా దీని మీద ఉపన్యాసమేమీ ఇవ్వదు, ఖాళీ కుర్చీ చూపించి ముందుకెళ్లిపోతుంది.

ఇలా క్లాసంతా కలిసి ఒకరిని వేధించడానికి తెలుగులో సరిగ్గా సరిపోయే మాట లేదు. 'ఏడిపించడం' అంటాం. బావామరదళ్లు ఏడిపించుకుంటారు, వెనక బెంచీ వాళ్లు టీచర్ని ఏడిపిస్తారు, నలుగురు కలిసి ఒకణ్ని బడి మానేసేదాకా కూడా ఏడిపిస్తారు. మాట మాత్రం ఒకటే. 'రాగింగ్' మనకి బాగా తెలుసు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దాని మీద చట్టం వచ్చింది. కానీ రాగింగ్‌లో సీనియర్లు ఒక వైపు, జూనియర్లు ఒక వైపు ఉంటారు. ఏడాది తిరిగితే జూనియర్ సీనియర్ అవుతాడు. జపాన్ వాళ్లు 'ఇజిమే' అనేది అలాంటిది కాదు. ఒకే గది, ఒకే వయసు. అందులోంచి ఒకరిని ఏరతారు. కొట్టడం కంటే పలకరించకపోవడం, ఎదురుగా ఉన్నా లేనట్టు చూడడం ఎక్కువ.

యోజి మొరితా అనే సామాజిక శాస్త్రవేత్త 1980లలో ఇజిమేని నాలుగు పొరలుగా వివరించాడు. మధ్యలో బాధితుడు, అతని చుట్టూ ఏడిపించేవాళ్లు, వాళ్ల చుట్టూ నవ్వుతూ ఎగదోసేవాళ్లు, ఆ బయట చూసీ చూడనట్టు ఉండిపోయేవాళ్లు. వ్యవహారం ఎంత ముదురుతుందనేది ఆ నాలుగో పొర ఎంత మందంగా ఉందన్న దాన్ని బట్టే ఉంటుందని ఆయన వాదన. 2011లో ఓత్సు నగరంలో 13 ఏళ్ల విద్యార్థి ఆత్మహత్య చేసుకోవడం, బడి, విద్యాశాఖ అధికారులు ఆ విషయంలో నడుచుకున్న తీరు జపాన్‌లో పెద్ద దుమారం రేపాయి. 2013లో ఇజిమే నివారణ చట్టం వచ్చింది. ఓయిమా సీరియల్ మొదలైందీ అదే ఏడు. చట్టం వచ్చాక కేసులు తగ్గలేదు, నమోదవడం పెరిగింది. 2022 విద్యా సంవత్సరంలో అక్కడి బడులు నమోదు చేసినవి 6,81,948. చట్టం ఇచ్చిన నిర్వచనంలోకి చిన్నచిన్నవి కూడా వస్తాయి కాబట్టి ఈ అంకె చూసి జపాన్ బడులు మరీ ఘోరం అనుకోనక్కర్లేదు. మన దగ్గర లెక్కే పెట్టం.

సినిమాలో క్లాసు గది ఆ నాలుగు పొరల బొమ్మలా ఉంటుంది. ఒక్క తేడా. మొరితా బొమ్మలో ఎవరి చోటు వాళ్లది. ఇక్కడ రాత్రికి రాత్రి చోట్లు మారిపోతాయి.

షోయా ఆమె చెవి మిషన్లు లాగి పారేస్తుంటాడు. ఒకసారి గట్టిగా పీకడంతో చెవి తెగి రక్తం కారుతుంది. ఐదు నెలల్లో ఎనిమిది మిషన్లు పాడవడమో పోవడమో జరిగిందని తల్లి బడికి ఫిర్యాదు చేస్తుంది. ప్రిన్సిపల్ క్లాసుకి వచ్చి, చేసిందెవరో చెప్పమంటాడు. అందరూ మౌనం. క్లాస్ టీచర్ తకెఉచి అంతసేపూ ఊరుకుని, ఒక్కసారిగా బోర్డు మీద చేత్తో కొట్టి షోయా పేరు అరుస్తాడు. ఆయనకి ముందే తెలుసన్నమాట. షోయా వెనక్కి తిరిగి నేనొక్కణ్నే కాదు కదా అంటాడు. అప్పటిదాకా కలిసి నవ్విన వాళ్లంతా ఒక్కొక్కరే ఎదురు తిరుగుతారు. కవాయ్ అనే అమ్మాయి కన్నీళ్లు పెట్టుకుని, తాను ఎప్పుడూ ఆపమనే చెప్పానంటుంది. క్లాస్ లీడర్ బోర్డు మీద పేర్లు రాసే బడిలో చదివిన వాళ్లెవరికైనా ఈ సీన్‌లో గాలి ఎలా మారుతుందో విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక పేరు బోర్డెక్కితే మిగతా ముప్పై మంది మంచివాళ్లయిపోతారు.

ఆ తర్వాత వచ్చే చిన్న సీన్‌ని చాలామంది గమనించకుండానే దాటేస్తారు. షోయా తల్లి బ్యాంకు నుంచి డబ్బు తీసుకుని, కొడుకుని వెంటబెట్టుకుని, షోకో తల్లిని కలవడానికి వెళుతుంది. పిల్లాణ్ని దూరంగా ఉండమంటుంది. పెద్దవాళ్లు ఏం మాట్లాడుకున్నారో మనకి వినిపించదు. ఆమె తిరిగి వచ్చేటప్పుడు చెవి తమ్మె నుంచి రక్తం కారుతుంటుంది. కమ్మ ఉండదు. ఎవరు లాగారో, తానే లాగేసుకుందో చెప్పరు. నవ్వుతూ ఇంటికి పోదాం పద అంటుంది, అంతే. ఆమె చెవి మీద ఆ మచ్చ తర్వాత కూడా అలాగే ఉంటుంది.

చెవికి చెవి, మిషన్లకి డబ్బు. పెద్దల లోకంలో బాకీ అలా తీరిపోయింది. పిల్లాడు మాత్రం దాన్ని తన ఖాతాలో రాసుకున్నాడు. పద్దెనిమిదో ఏట దిండు పక్కన పెట్టిన డబ్బు అదే.

షోకో వేరే బడికి వెళ్లకముందే ఆమె చోటులో క్లాసు షోయాని కూర్చోబెడుతుంది. నిన్నటి జిగ్రీ దోస్తులు షిమాదా, హిరోసే అతన్ని కొలనులోకి తోస్తారు. డెస్కు మీద బూతులు రాస్తారు. ఇక్కడో సంగతి తర్వాత గానీ తెలియదు. షోకో ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే వచ్చి ఒక డెస్కు తుడిచేది. తన డెస్కుతో ఏదో చేస్తోందని షోయా ఆమెతో కలబడి కొట్టుకున్నాడు కూడా. ఆమె వెళ్లిపోయాక, తుడిచే మనిషి లేక రాతలు అలాగే ఉండిపోయినప్పుడు, ఆమె తుడిచినవి తన మీది తిట్లే అని అతనికి తెలుస్తుంది. చెప్పడానికి ఆమె లేదు, అడగడానికి ఇతనికి సైగలు రావు.

జూనియర్ హైస్కూల్లోనూ 'వాడితో జాగ్రత్త' అనే మాట షిమాదా నోటి ద్వారా వెంటే వస్తుంది. హైస్కూల్‌కి వచ్చేసరికి షోయా ఎవరి ముఖమూ చూడడు. యమదా దీన్ని బొమ్మలో చూపించిన పద్ధతి సినిమాకి గుర్తుగా నిలిచిపోయింది. చుట్టూ ఉన్న ప్రతి ముఖం మీదా నీలం రంగు ఇంటూ గుర్తు, కాగితం ముక్కలా అతికించి ఉంటుంది. కెమెరా కూడా అతనితో పాటే తల దించుకుంటుంది. బూట్లు, మోకాళ్లు, సాక్సులు, నేల. కాళ్ల కదలికతోనే మనిషి మనసు చెప్పడం యమదాకి మొదటి నుంచీ అలవాటే. కానీ ఇక్కడ దానికో కారణం దొరికింది. తలెత్తని వాడి కంటికి కనిపించే లోకం అంతే.

అలాంటివాడు చావుకి ముహూర్తం పెట్టుకున్న రోజుల్లోనే సైగల భాష నేర్పే కేంద్రానికి వెళ్లి షోకోని కలుస్తాడు. ఆమె పాత నోటుపుస్తకం చేతికిస్తాడు. డబ్బులాగే అదీ తిరిగి ఇచ్చేయాల్సిన వస్తువే, లెక్కలో మరో పద్దు. అక్కడితో వెళ్లిపోవచ్చు. కానీ అనుకోకుండా అతని చేతులు కదులుతాయి. రెండు చేతులూ కలిపి పట్టుకుని ఊపుతూ, మనం స్నేహితులుగా ఉండగలమా అని అడుగుతాడు. అడిగేశాక తానే బిత్తరపోతాడు.

ఆరో తరగతిలో షోకో అతనికి చేసిన సైగ అదే. అప్పుడు అతనికి అది పిచ్చి చేష్టలా కనిపించింది. ఇన్నేళ్లకి ఆ ప్రశ్న అవతలి చేతుల్లోంచి ఆమెకి తిరిగి వచ్చింది. ఆమె ముఖంలో ముందు కనిపించేది సంతోషం కాదు, ఆశ్చర్యం. ఇతను సైగలు నేర్చుకున్నాడు! పశ్చాత్తాపం ఉన్నవాడు ఉత్తరం రాయొచ్చు, డబ్బు పంపొచ్చు, కాళ్ల మీద పడొచ్చు. భాష నేర్చుకోవడానికి నెలలూ ఏళ్లూ పడతాయి. అన్ని రోజులూ ఆ మనిషిని తల్చుకుంటూ ఉండాలి.

మర్నాడో ఆ మర్నాడో టిఫిన్ దగ్గర తల్లి నిలదీస్తుంది. చావాలనుకున్నావు కదూ? చేతిలో ఆ నోట్ల కట్ట, లైటర్. ఇంకెప్పుడూ చావనని చెప్పు, లేకపోతే తగలబెట్టేస్తానంటుంది. అతను కంగారుగా ఒప్పుకుంటాడు. ఈ హడావుడిలో డబ్బు నిజంగానే అంటుకుంటుంది. ఇద్దరూ కెవ్వుమంటారు, ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము కాస్తా బూడిద. హాల్లో జనం నవ్వే సీన్ ఇది. నవ్వొచ్చేలాగే తీశారు. కానీ సినిమా అసలు మాట ఇక్కడే చెప్పేసింది. తల్లికి కొడుకు కావాలి, బాకీ వసూలు కాదు. తీర్చుకునే దారి మూసేశాక, ఆ కుర్రాడికి ఇక బతకడం తప్ప మార్గం లేదు.

బతకడం ఎలాగో నేర్పేవాడు ఓ పొట్టి, బొద్దు కుర్రాడు. పేరు నాగత్సుకా. క్లాసులో అతన్నీ ఎవరూ పట్టించుకోరు. ఓ రౌడీ కుర్రాడు అతని సైకిల్ లాక్కోబోతుంటే, షోయా నా సైకిల్ తీసుకో అని తనది ఇచ్చేస్తాడు. పెద్ద మనసుతో ఇచ్చాడని కాదు, గొడవ తప్పించుకోవడానికి. నాగత్సుకా ఊరంతా వెతికి, పొలంలో పడేసి ఉన్న ఆ సైకిల్‌ని తెచ్చి ఇస్తాడు. ఆ క్షణంలో అతని ముఖం మీది ఇంటూ గుర్తు ఊడి కింద పడుతుంది. సినిమాలో మొదట ఊడే గుర్తు అదే. స్నేహానికి అర్హత కావాలా అని షోయా అతన్ని అడుగుతాడు. నాగత్సుకా జవాబు చెప్పకుండా, చెయ్యి ఇలా పెట్టమని, దాని మీద తన చెయ్యి వేస్తాడు. ఈ నాగత్సుకా అతి చేష్టలు కొందరికి చిరాకు తెప్పిస్తాయి. నిజమే, కొన్ని చోట్ల జోకర్ పాత్రలాగే రాశారు. అయినా లెక్కలు రాసుకోవడం తెలియని మనిషి సినిమా మొత్తంలో అతనొక్కడే.

షోకో చెల్లెలు యుజురు ఇందుకు పూర్తిగా తలకిందులు. అబ్బాయిలా జుట్టు కత్తిరించుకుని, కెమెరా మెడలో వేసుకుని, అక్కకి కాపలా కాస్తుంటుంది. నోటుపుస్తకం వంతెన మీంచి నీళ్లలో పడినప్పుడు షోకో దూకుతుంది, వెంటనే షోయా కూడా దూకుతాడు. యుజురు ఆ ఫోటో తీసి నెట్‌లో పెట్టేస్తుంది. వంతెన మీంచి దూకినందుకు బడి అతన్ని కొన్నాళ్లు సస్పెండ్ చేస్తుంది. వాడికి ఆ మాత్రం శాస్తి జరగాల్సిందే అని పిల్ల లెక్క. ఆమె తీసే మిగతా ఫోటోలన్నీ చచ్చిన జంతువులవి. కప్పలు, పిట్టలు, పురుగులు. ఇల్లంతా అవే అతికించి ఉంటాయి. కారణం చాలా ఆలస్యంగా తెలుస్తుంది. చిన్నప్పుడు అక్క చచ్చిపోవాలని ఉందంటూ చేసిన సైగ ఆమె చూసింది. చావు ఎంత వికారంగా ఉంటుందో రోజూ కళ్ల ముందు కనిపిస్తే అక్క ఆ ఆలోచన మానుకుంటుందని ఆ పసిబుర్రకి తోచిన ఉపాయం అది.

షోకో, షోయా ప్రతి వారం వంతెన దగ్గర కలిసి చేపలకి రొట్టె వేస్తారు. సినిమాలో అన్నిటికంటే ముచ్చటగా ఉండి, అన్నిటికంటే బాధ పెట్టే సీన్ ఇక్కడి నుంచే పుడుతుంది. షోకో ఒక రోజు జుట్టు పైకి కట్టుకుని వచ్చి, అతనికి ఓ చిన్న బహుమతి ఇచ్చి, సైగలు వదిలేసి నోటితో మాట్లాడుతుంది. 'సుకి' అంటుంది. జపనీస్‌లో ఇష్టం అని. ఆమె గొంతులో అది 'త్సుకి' అని వినిపిస్తుంది, అంటే చంద్రుడు. షోయా తలెత్తి ఆకాశం చూసి, అవును, చంద్రుడు బాగున్నాడంటాడు. ఆమె సిగ్గుతో పారిపోతుంది. సైగ చేసి ఉంటే అతనికి అర్థమయ్యేది. కానీ ఈ ఒక్క మాట అతని భాషలో, తన గొంతుతో చెప్పాలనుకుంది. ఇద్దరూ ఎదుటివాళ్ల భాషలోకి నడిచి వెళ్లారు, దారిలో ఒకరినొకరు దాటేసుకున్నారు. దీన్ని తెలుగులోకి తేవడం సబ్‌టైటిల్ రాసేవాళ్ల వల్ల కాదు, ఇంకే భాషలోకైనా అంతే. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో షోకోకి లెక్సీ కౌడెన్ అనే, నిజంగానే వినికిడి లోపమున్న నటి గొంతు ఇచ్చింది. ఆ సీన్‌కి అది కొంత బలం.

మెల్లగా పాత క్లాసువాళ్లు ఒక్కొక్కరే మళ్లీ కలుస్తారు. బడి మానేసిన సహారా, ఏడుపుగొట్టు కవాయ్, అప్పట్లో షోయా పక్కనే ఉండి నవ్విన ఉఎనో. అందరూ కలిసి అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళతారు. జెయింట్ వీల్ డబ్బాలో ఉఎనో, షోకో ఇద్దరే కూర్చుంటారు. షోకో దగ్గర యుజురు పెట్టిన కెమెరా వల్ల ఆ మాటలు మనకి తెలుస్తాయి. ఉఎనో మొహమాటం లేకుండా చెబుతుంది. నువ్వంటే నాకు పడదు, నేనంటే నీకు పడదు, నేను నిన్ను ఏడిపించాను, నువ్వు పెద్దవాళ్లకి చెప్పడంతో అంతా పాడైంది, ఇద్దరం ఒకరినొకరు అసహ్యించుకుంటూనే చేతులు కలుపుదాం. చెల్లుకు చెల్లు అన్నమాట. షోకో తల వంచి సారీ చెబుతుంది. ఉఎనోకి ఒళ్లు మండిపోతుంది. నీది ఎప్పుడూ ఇదే వరస అని చెంప మీద కొడుతుంది.

ఉఎనో దుర్మార్గంలో సందేహం లేదు, ఆఖరిదాకా ఆమె మారదు కూడా. అయినా షోకోని జాలి పడాల్సిన బొమ్మలా కాకుండా, తిట్టదగిన, ఎదురు తిట్టగలిగిన మనిషిలా చూసింది ఆమె ఒక్కతే అనిపిస్తుంది. ఆ డబ్బాలో షోకో ఇచ్చిన జవాబు, నాకు నేనంటేనే ఇష్టం లేదు అనే మాట, సినిమా దిశ మార్చేస్తుంది. అప్పటిదాకా బాకీ షోయాది అనుకుంటూ వచ్చాం. షోకో దగ్గర కూడా ఒక ఖాతా పుస్తకం ఉంది. మొదటి రోజు నుంచీ ఆమె చెప్పిన సారీలన్నీ అందులో పద్దులే. నా వల్ల పాఠం ఆలస్యమైంది, నా వల్ల సహారా బడి మానేసింది, నా వల్ల షోయా ఒంటరివాడయ్యాడు. ఈ లెక్కలో ఆమె అందరికీ బాకీ.

తర్వాత జరిగేది చాలా వేగంగా జరుగుతుంది. కవాయ్ మళ్లీ తన మంచితనం కాపాడుకోవడానికి షోయా గతాన్ని క్లాసులో అందరికీ వినపడేలా బయటపెడుతుంది. వంతెన మీద అందరూ గుమిగూడితే, షోయా ఒక్కొక్కరి మీదా విషం కక్కుతాడు. గుర్తులన్నీ మళ్లీ ముఖాల మీదికొస్తాయి. ఎక్కడివాళ్లక్కడ విడిపోతారు. ఇదీ నా వల్లే అని షోకో రాసుకుంటుంది. బాణసంచా పండగ రాత్రి, చదువుకోవాలని చెప్పి మధ్యలో ఇంటికి వెళుతుంది. యుజురు కెమెరా తెమ్మంటే వెనకే వెళ్లిన షోయా తలుపు తెరిచేసరికి, బాల్కనీలో తెరలు ఊగుతూ, ఆకాశంలో రంగులు విచ్చుకుంటూ, ఆమె గోడ మీద నిలబడి ఉంటుంది.

మొదటి సీన్‌లో టపాకాయల చప్పుడు షోయాని ఆపింది. ఈ రాత్రి అంత బాణసంచా కాలుతున్నా ఆమెకి వినపడదు. ఒకే శబ్దంతో సినిమా రెండు చావులని ఎదురెదురుగా నిలబెట్టింది, ఎక్కడా ఆ విషయం వేలు పెట్టి చూపించకుండా.

షోయా ఆమె చెయ్యి పట్టుకుంటాడు. వేలాడుతూ దేవుడితో బేరం పెడతాడు. ఒక్కసారి బలమివ్వు, రేపటి నుంచి అందరి ముఖాల్లోకి సూటిగా చూస్తాను. ఆమె పైకొస్తుంది, అతను కిందికి, నీళ్లలోకి పడిపోతాడు. స్పృహ తప్పి రోజుల తరబడి ఆసుపత్రిలో ఉంటాడు. ఒకప్పుడు కొడుకు తరపున తల వంచిన షోయా తల్లి ముందు ఇప్పుడు నిషిమియా తల్లి తల వంచుతుంది.

ఈ సినిమా మీద గట్టి విమర్శలు ఉన్నాయి. ఏడిపించినవాడి మనోవేదనకే రెండు గంటలు ఇచ్చి, వినపడని అమ్మాయిని అతని మార్పుకి ఒక సాధనంలా వాడారన్నది ఒకటి. బాధితురాలు పగ పట్టకుండా, పైగా ప్రేమించడం ఎంత సౌకర్యంగా ఉందో కదా అన్నది మరొకటి. రెండింటిలోనూ నిజం ఉంది. మాంగాలో ఏడు సంపుటాలు ఉన్నాయి కాబట్టి షోకో తల్లి గతం, సహారా, టీచర్ల సంగతులు చెప్పుకోవడానికి చోటు దొరికింది. కుర్రాళ్లంతా కలిసి సినిమా తీసే పెద్ద ఘట్టం కూడా అందులో ఉంది. 130 నిమిషాల్లో అవన్నీ ఎగిరిపోయాయి. మషిబా అనే కుర్రాడు ఎందుకొచ్చాడో సినిమా మాత్రమే చూసినవాళ్లకి అర్థం కాదు. షోకో లోపలి మనిషిని సినిమా తలుపు సందులోంచే చూపిస్తుంది. అయితే ఆమె మంచితనాన్ని మెచ్చుకుంటోందన్న ఆరోపణ మాత్రం నిలవదు. అన్నిటికీ సారీ చెప్పే ఆ మంచితనమే ఆమెని బాల్కనీ గోడ ఎక్కించిందని కథ స్పష్టంగానే చూపిస్తోంది.

శబ్దం గురించి చెప్పకపోతే సగం సినిమా వదిలేసినట్టే. సంగీత దర్శకుడు కెన్సుకే ఉషియో ఒక పియానో లోపలే మైకులు పెట్టి రికార్డు చేశాడు. స్వరంతో పాటు సుత్తులు తీగలకి తగిలే దెబ్బ, ఉన్ని గుడ్డ రాపిడి, చెక్క కిర్రుమనడం కూడా వినిపిస్తాయి. చెవి మిషన్ పెట్టుకున్నవాళ్లకి మాట ఒక్కటే విడిగా రాదు. కుర్చీ జరిపిన చప్పుడు, కాగితం గరగర, అవతలి అరుపు అన్నీ కలిసి పెద్దవై వస్తాయి. మిషన్ పెట్టుకుంటే వినపడుతుంది కదా అనుకునే క్లాసుకి ఈ సంగతి తెలియదు. చెవుల కంటే ముందు ఒంటికి తగిలే ఆ పియానో సంగీతం ప్రేక్షకుడికి దాన్ని కొంచెమైనా రుచి చూపిస్తుంది.

ఈ బొమ్మల్లో ముఖాలకి రూపం ఇచ్చిన క్యారెక్టర్ డిజైనర్ ఫుతోషి నిషియా ఇప్పుడు లేడు. 2019 జులై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకి ఒక దుండగుడు నిప్పు పెట్టినప్పుడు చనిపోయిన 36 మందిలో ఆయన ఒకరు.

షోయాకి అర్ధరాత్రి మెలకువ వస్తుంది. ఆసుపత్రి బట్టల్లోనే తడబడుతూ వంతెన దగ్గరికి వెళతాడు. షోకో అక్కడే ఏడుస్తూ కూర్చుని ఉంటుంది. ఇద్దరూ మళ్లీ సారీలు చెప్పుకుంటారు. ఆమె, నేను మారి ఉంటే ఇదంతా జరిగేది కాదంటుంది. అతను, అయినా అందుకోసం నువ్వు చావాల్సింది కాదంటాడు. ఆ తర్వాత, ఇన్నాళ్లూ తీర్చేయాలని తిరిగిన మనిషి మొదటిసారి ఒకటి అడుగుతాడు. నేను బతకడానికి నువ్వు సాయం చెయ్యి. తెలుగులో ప్రేమ చెప్పడానికి ఇలాంటి మాట ఎవరూ వాడరు. జపనీస్‌లో కూడా కాస్త వింతగానే ఉంటుంది. డబ్బు తిరిగివ్వడం, పుస్తకం తిరిగివ్వడం, ప్రాణం ఇవ్వడం, అన్నీ అయ్యాక అతను చెయ్యి చాచి కొత్త అప్పు అడుగుతున్నాడు, ఎప్పటికి తీరుస్తాడో చెప్పకుండా.

కొన్ని రోజులకి బడిలో ఉత్సవం. గేటు దాటేసరికి అతని కాళ్లు వణుకుతాయి, బాత్‌రూమ్‌లోకి వెళ్లి దాక్కుంటాడు. నాగత్సుకా వెతుక్కుంటూ వచ్చి, ఏడుస్తూ వాటేసుకుంటాడు. మిగతావాళ్లూ వస్తారు. అందరూ కలిసి స్టాళ్ల మధ్య నడుస్తుంటే అతను చెవుల మీంచి చేతులు తీసేస్తాడు. పక్కనుంచి వెళుతున్న, పేరు కూడా తెలియని పిల్లల ముఖాల మీది గుర్తులు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. ఎవరో ఐస్‌క్రీం గురించి, ఇంకెవరో ఆలస్యమైన స్నేహితురాలి గురించి మాట్లాడుకుంటుంటారు. అతని గురించి ఎవరూ ఏమీ అనుకోవడం లేదు.